నాలుగు పక్కటెముకలు

దవాఖానకొచ్చాక ఈరమ్మకు తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, రోగం ఒక్కటే అయినా దాన్ని చూసే గదులు బోలెడుంటాయని. ఒక గదిలో రొమ్మును రెండు పలకల మధ్య పెట్టి ఒత్తారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ ఆమె కిక్కురుమనలేదు. ఇంకో గదిలో చల్లటి జిగురేదో పూసి, పిడికెడంత పరికరాన్ని చంకదాకా తిప్పి తిప్పి చూశారు. మూడో గదిలో ఛాతీని పలకకు ఆనించి ఊపిరి బిగబట్టమన్నారు. సూదితో ముక్క తీసి, ఇది కాన్సరేనని ఎప్పుడో తేల్చేసినవాళ్లు మళ్లీ ఇన్నిసార్లు ఎందుకు చూస్తున్నారో ఆమెకు అంతు చిక్కలేదు.

"కోసే ముందట అది ఏడిదాంక వొయ్యిందో చూసుకుంటరు పెద్దమ్మా," అంది పావని. "ఉన్నకాడనే ఉంటె కోసి తీసేస్తరు. వేరేకాడికి పాకితె కోసి లాభం లేదంట."

"మరి పాకిందా?"

"గదే చూస్తుండ్రు. ఇయ్యాల బొక్కల స్కానింగు. ఇదే ఆఖరిది. ఇది మంచిగొస్తె వచ్చే వారంలనే ఆపరేషన్."

పావని వాళ్ల ఊరి ఆశ కార్యకర్త. ఇరవై మూడేళ్ల పిల్ల. వీపనగండ్లకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ పల్లెలో ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరికి నెల తప్పింది, ఎవరు మాత్రలు మింగకుండా దూలం మీద దాచారు, అన్నీ ఆమెకు తెలుసు. కొత్త రవిక కుడిపక్క బిగుతైందని ఈరమ్మ దర్జీతో తగువు పెట్టుకుంటుంటే విన్నది పావనే. ఇంట్లోకి లాక్కెళ్లి, తలుపేసి, చెయ్యి పెట్టి చూసి, మర్నాడే వనపర్తి బస్సెక్కించింది. వనపర్తి వాళ్లు పాలమూరు పొమ్మన్నారు, పాలమూరు వాళ్లు హైదరాబాదు పొమ్మన్నారు. తెల్లకార్డు మీద ఆపరేషన్ అయ్యేటట్టు కాగితాలన్నీ ఆ పిల్లే కాళ్లరిగేలా తిరిగి చేయించింది. ఈరమ్మకు కూతురు లేదు. కొడుకూ కోడలూ పుణె పక్కన ఏదో పనిలో ఉన్నారు, వాళ్లకు ఇంకా కబురే అందలేదు.

అంత చేస్తున్న పిల్ల ఈరమ్మకు చుట్టమేమీ కాదు. జమ్ములమ్మ కూతురు. ఆ ఒక్క కారణం చేత ఈరమ్మ పావని మొహంలోకి సూటిగా చూసి ఏడాదిన్నర దాటింది.

ఇక ఈరమ్మ మొగుడు ఇస్రాయేలు. గుంపు మేస్త్రీ. ఇరవై జతల కూలీలను వెంటేసుకొని ఇరవై ఏళ్లుగా దేశమంతా కాలువలు తవ్వించినవాడు. పనికాడ అతను కేకేస్తే ఆ చివర ఉన్నవాడి చేతిలో పార ఆగిపోయేది. దవాఖానలో మాత్రం చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేత్తో పట్టుకొని తిరుగుతున్నాడు.

బొక్కల స్కానింగు అంటే ముందు చేతి నరంలోకి మందెక్కించారు. మూడు గంటలు కూర్చోమన్నారు. కడుపు ఉబ్బేలా నీళ్లు తాగమన్నారు, వచ్చినప్పుడల్లా ఒంటికి పోయి రమ్మన్నారు. "ఇవ్వాళంతా పసిపిల్లల్ని ఎత్తుకోవద్దు, కడుపుతో ఉన్నోళ్లని ఆనుకొని కూర్చోవద్దు," అని చెప్పింది నర్సమ్మ. ముట్టుకోవద్దన్న మాట ఈరమ్మకు కొత్తేమీ కాదు. ఒక సూదిమందు వల్ల ఆ మాట పడటం మాత్రం ఇదే మొదలు. ఆ మాటే పావనితో అని కొంచెం నవ్వింది కూడా.

తరువాత ఆమెను సన్నటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కదలొద్దన్నారు. పైనుంచి తలుపు రెక్కంత పలక ఒకటి మెల్లగా దిగుతూ వచ్చింది. అది దిగుతున్నంతసేపూ ఈరమ్మకు ఊపిరాడలేదు. ముక్కుకు బెత్తెడు ఎడంలో ఆగింది. ఆమె పిడికిళ్లు బిగుసుకుపోయాయి.

"ఏం కాదమ్మా, మీద పడదు," అన్నాడు మిషను నడిపే ఆయన.

ఆయనకేం తెలుసు! పైనుంచి దిగేది పడదని ఈరమ్మకు ఎవరు చెప్పినా నమ్మే రోజులు పోయాయి. ఒకసారి పడింది.

నిరుటి ఏడాది రోహిణి కార్తెలో. కర్ణాటకలో కాలువ పని. కాలువ గట్టును పైనుంచి మెట్లు మెట్లుగా కోసుకుంటూ దిగాలి. అది పద్ధతి. అట్లా కోస్తే ఒళ్లు హూనమవుతుంది, పని సాగదు. అందుకని గుంపులు ఇంకో పద్ధతి పట్టాయి. గట్టును అడుగున తొలుస్తారు. మనిషి వంగి దూరేంత తొలిచాక, పైకెక్కి గడ్డపార దించి కదిలిస్తే పెళ్ల దానంతటదే విరిగిపడుతుంది. రోజంతా తవ్వాల్సిన మట్టి ఒక్క ఊపులో రాలుతుంది. కదిలించే ముందు మేస్త్రీ "జరగుండ్రి" అని కేకేస్తాడు, ఆడవాళ్లు తట్టలు తీసుకొని పక్కకు జరుగుతారు. ఇరవై ఏళ్లుగా ఇస్రాయేలు అదే చేయించాడు, ఇరవై ఏళ్లూ ఎవరికీ గోరు కూడా ఊడలేదు. ఆ రోజు మాత్రం గడ్డపార దించకముందే, కేక వేయకముందే, పెళ్ల విరిగింది.

కింద ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఈరమ్మ అంచున ఉంది కాబట్టి రొమ్ములదాకా కూరుకుపోయింది. జమ్ములమ్మ లోపలుంది. నలుగురు మగవాళ్లు చేతులతో మట్టి తోడి ఆమెను బయటికి తీసేసరికి అయిపోయింది.

గుంపులోకి జతల్నే తీసుకుంటారు. మొగుడు తవ్వాలి, పెళ్లాం మొయ్యాలి. మొగుడు పోయిన జమ్ములమ్మను ఏ మేస్త్రీ రానివ్వలేదు. వానకు కూలిన ఇంటిగోడ లేపుకోవాలి, ఒక్క ఎండాకాలం తీసుకుపోండని ఆమె బతిమాలితే, "నాకు జతగ ఉంటది, నువ్వు నోర్మూసుకో" అని ఈరమ్మే మొగుడితో పోట్లాడి తీసుకుపోయింది. రాత్రిళ్లు ఈరమ్మను తినేసే మాట అదే. తీసుకుపోయింది తను.

ఆ సాయంత్రం కంపెనీ మనిషి వచ్చాడు. కేసైతే పని ఆగుతుందన్నాడు, గుంపును గుంపంతా ఠాణా చుట్టూ తిప్పుతారన్నాడు, తొలవమన్న మేస్త్రీని లోపలేస్తారన్నాడు. జమ్ములమ్మను ఆ గట్టు అవతలే మట్టి చేశారు. గుంపంతా గడ్డపార మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకుంది. ఎవరడిగినా ఒకటే మాట: ఆమె ఎండదెబ్బకు పోయింది. మట్టి కూలలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఈరమ్మ కూడా చెయ్యి పెట్టింది. పెట్టేటప్పుడు ఎడమ పక్కన కత్తి దించినట్టయితే పళ్లు బిగబట్టింది. ఇస్రాయేలే తన పంచె చింపి ఆమె పక్కలకు బిగించి కట్టాడు. నెల రోజులు దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినంత పనయ్యేది. దవాఖానకు పోలేదు. పోతే ఏమైందని అడుగుతారు కదా!

ఊరికొచ్చి పావని చేతిలో రెండు చీరలూ ఒక సత్తు డబ్బా పెట్టారు. "ఎండదెబ్బ బిడ్డా, నీళ్లు నీళ్లని అడుక్కుంటనే పానం ఇడ్సింది," అని ఇస్రాయేలు చెబుతుంటే ఈరమ్మ ఆ పిల్లను కావలించుకొని ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం నిజమైనదే.

మధ్యాహ్నం దాటాక డాక్టరమ్మ పిలిచింది. ఆపరేషన్ చేసేది ఆవిడే. నెరిసిన జుట్టు, అలసిన కళ్లు, మాట మాత్రం మెత్తన. లైటు వెలిగే పెట్టెకు ఫిల్ము తగిలించింది. ఈరమ్మ తన ఎముకలను తను చూసుకోవడం అదే మొదటిసారి. చిన్నపిల్లలు బొగ్గుతో గీసిన బొమ్మలా ఉంది. ఎడమ పక్కన, ఒకదాని కింద ఒకటి, నాలుగు నల్లటి మచ్చలున్నాయి. డాక్టరమ్మ పెన్ను మొనతో వాటిని ఒక్కొక్కటే తాకింది.

"ఈమెకు పక్కలో ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా? ఈ రెండు మూడేళ్లలో. ఎత్తు మీద నుంచి పడటం గానీ, ఏదన్నా బరువు మీద..."

"ఏం లేదు సార్," అన్నాడు ఇస్రాయేలు.

అడగడం పూర్తి కాకముందే అన్నాడు. ఆడమనిషిని సార్ అన్నాడని కూడా అతనికి తెలియదు. ఇంజనీర్లు జీపు దిగి అడిగినా, ఆఫీసర్లు కాగితం పట్టుకొని అడిగినా, అతని నోట్లో ఆ జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. "దెబ్బలు గిబ్బలు ఏం లేవు సార్. అందరు మంచిగున్నరు."

అందరూ ఎవరని డాక్టరమ్మ అడగలేదు. ఈరమ్మ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

ఈరమ్మ మొగుణ్ని చూసింది. అతను నేల చూస్తున్నాడు. పక్కనే పావని, ఫైలు గుండెకు హత్తుకొని, ఆశగా ఆమె నోటి వైపే చూస్తోంది.

"లేదమ్మా," అంది.

"నాకు తెల్వకుండ ఏం గాదు మేడం," అంది పావని నమ్మకంగా. "దినాం ఆళ్లింటికి వోత. దెబ్బ తాకితె ముందు నాకే తెలుస్తది."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. "ఎముక విరిగి అతుక్కున్నా ఇట్లాగే కనిపిస్తుంది. అందుకే అడిగాను. దెబ్బే లేదంటే, జబ్బు ఎముకల్లోకి పాకిందని అనుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఇప్పట్లో ఆపరేషన్ చెయ్యం. మందుల మీద నడిపిస్తాం. ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు. ఇంకో ఫొటో తీయించి చూస్తాను గానీ, ఏం వెతుకుతున్నామో తెలిస్తేనే అది సరిగా చదవగలం. వచ్చే బుధవారం రండి. ఈలోగా బాగా గుర్తు తెచ్చుకోండి."

బయటికొచ్చాక పావని గోడ వైపు తిరిగి నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి పోయిందని చెప్పిన రోజు ఆ పిల్ల ఎట్లా ఏడ్చిందో ఈరమ్మకు గుర్తుంది. ఇప్పుడూ అట్లాగే ఏడుస్తోంది. తన కోసం ఏడుస్తోంది. ఈరమ్మకు రోగం కన్నా ఆ ఏడుపు ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆ రాత్రి దవాఖాన షెడ్డులోనే పడుకొని, తెల్లారి వనపర్తి బస్సెక్కారు. పావనికి ముందు సీటు దొరికింది. వెనక మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చున్నారు. బస్సు జడ్చర్ల దాటింది.

"నోట్లకెళ్లి అదే వచ్చింది," అన్నాడు ఇస్రాయేలు చివరికి, కిటికీ వైపు చూస్తూ.

"నాకెరికే."

"నువ్వు లేకుంటె నేను ఏడ బత్కుతనే?" ఆ మాట అతను ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ అనలేదు. ఈరమ్మకు కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది. కాసేపాగి అతను వంగి చెవిలో చెప్పాడు. "ఒక పని జెయ్యి. తట్టతోని కాలు జారి వడ్డనని చెప్పు. పనికాడ. పడుడు పడుడే గద. మట్టి ముచ్చట ఎత్తకు. ఆపరేషన్ గూడ అయితది, ఒట్టు గూడ నిలుస్తది."

ఈరమ్మ ఆలోచించింది. నిజమే, అంతే చాలు. డాక్టరమ్మకు కావలసింది దెబ్బ, దాని పుట్టుపూర్వోత్తరాలు కాదు. అంత సులువైన దారి ఉండగా రాత్రంతా ఏడుస్తూ ఎందుకు పడుకుందో ఆమెకే అర్థం కాలేదు. కొత్తకోట దగ్గర బస్సు వనపర్తి దారికి తిరిగేసరికి, చెప్పేద్దామని గట్టిగా అనుకుంది.

వనపర్తి బస్టాండులో వీపనగండ్ల బస్సుకు ఇంకా గంట ఉంది. ఇస్రాయేలు ఛాయ్ తెస్తానని పోయాడు. కావాలనే పోయాడు. ఈరమ్మ సిమెంటు బెంచీ మీద పావని పక్కన కూర్చుంది.

"బిడ్డా, నాకొకటి యాదికొచ్చింది. కాలువ పనికాడ... తట్ట నెత్తిన వెట్టుకోని దిగుతుంటె కాలు జారింది. ఎడమ పక్క తాకింది. శాన దినాలు నొచ్చింది."

పావని లేచి నిలబడింది. మొహం విప్పారింది. "ఏంది పెద్దమ్మా! అయ్యో, నిన్న ఎందుకు చెప్పలే! నేను రాత్రంత సచ్చిన!" అంటూ ఆమె రెండు చేతులూ పట్టుకొని ఊపేసింది. బస్టాండులో జనం చూస్తున్నా లెక్క చేయకుండా ఆమె చెంపకు చెంప ఆనించింది. "అయితె గది బొక్క విరిగిందే! కాన్సరు గాదు! ఆపరేషన్ చేస్తరు!" సంచిలోంచి ఫోను తీసి, మేడం దగ్గరుండే నర్సుకు చేద్దామని నంబరు వెతకబోయింది. మళ్లీ ఏదో తట్టి ఆగింది.

"ఎప్పుడు వడ్డవ్? మా అమ్మ వోయిన యాడాదేనా?"

"ఆ... అప్పుడే."

"అమ్మ ఉన్నదా అప్పటికి?"

ఈరమ్మ తలూపింది.

"అమ్మనే చూసుకుందా నిన్ను? కాపడం వెట్టిందా?" పావని బెంచీ మీద దగ్గరికి జరిగి కూర్చుంది. ఫోను ఒళ్లో పెట్టేసింది. "నాకు కొంచెం చెప్పు పెద్దమ్మా. ఆడ ఎట్లుండె? ఏం మాట్లాడుతుండె? పెదనాయినను అడిగితె ఎండదెబ్బ అంటడు, ఊకుంటడు. నేను ఎన్ని దినాలసంది అడగాలనుకుంటున్ననో. ఎండదెబ్బ తాకినోళ్లకు ఏం జెయ్యాల్నో నాకు ట్రైనింగుల చెప్పిండ్రు. తడిబట్ట కప్పాలె, ఉప్పు చక్కెర నీళ్లు తాపాలె. అది నేర్చుకున్ననాడు ఇంటికొచ్చి ఎంత ఏడ్చిన్నో. నేనుంటె అమ్మ బత్కుతుండె గద అని."

ఈరమ్మ ఏడాదిన్నరగా ఈ పిల్ల ఇంటింటికీ తిరిగి ఎండలో పోవద్దని, నీళ్లు తాగమని ముసలివాళ్లకు చెబుతుంటే విన్నది. ఎందుకంత పట్టుదలో ఇప్పుడు తెలిసింది. ఆ పిల్ల తల్లి చావును తన మీద వేసుకొని మోస్తోంది. ఆ బరువు పెట్టింది తామే.

"నేను జారి పడలే బిడ్డా," అంది.

పావని అర్థం కాక చూసింది.

"గట్టు అడుగుకు తొలుస్తుంటె మట్టిపెళ్ల ఇరిగి మీద వడ్డది. నేను ఈ దిక్కున్న. మీ అమ్మ లోపటున్నది." మాట ఒకసారి బయటికొచ్చాక ఇక ఆగలేదు. "ఎండదెబ్బ గాదు. నీళ్లు అడగలే. ఏం అడగలే. నా చెయ్యి వట్టుకోనుండె, గంతే. ఆడనే మట్టి జేసినం. గడ్డపార మీద చెయ్యేసి ఒట్టు వెట్టుకున్నం. నేను గూడ వెట్టిన. వద్దు వద్దన్న పెదనాయినతోని కొట్లాడి నేనే తీస్కవొయ్యిన ఆమెను. నేనే."

ఎవరు తొలవమన్నారని పావని అడిగింది. ఈరమ్మ చెప్పింది. అప్పుడే ఇస్రాయేలు మూడు ఛాయ్ గ్లాసులు రెండు చేతుల్లో ఇరికించుకొని వచ్చాడు. పావని అతని చేతులను చూసింది, మొహాన్ని చూసింది. ఫైలు ఈరమ్మ పక్కన బెంచీ మీద పెట్టి లేచి, వీపనగండ్ల వైపు పోయే ఆటో ఏదో కనబడితే ఎక్కి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లాక ఇస్రాయేలు గొంతు చించుకొని అరిచాడు. గుంపు ఒట్టు తప్పిందన్నాడు. ఇక ఏ మొహం పెట్టుకొని గుంపును లేపుతానన్నాడు. తనను ఠాణాలో పెట్టించడానికే చెప్పిందన్నాడు. ఈరమ్మ అంతా విన్నది.

"నా పక్కబొక్కలు చూసి దెబ్బ తాకిందా అని అడిగింది డాక్టరమ్మ," అంది అతను ఆగాక. "ఆ పిల్ల ముంగట అబద్దం చెప్పి నేను బతికితె, దినాం ఆ పిల్ల చేతులకెల్లి మాత్రలు తీస్కోవాలె. నాతోని గాదు. నువ్వు ఏమన్న అను."

ఇస్రాయేలు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు గుంపులో ముఖ్యులైన ఇద్దరు మగవాళ్లను పిలిచి, వేపచెట్టు కింద చాలాసేపు కూర్చొని వచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు.

పావని ఇంటికి రాలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, తిన్నావా, మాత్ర వేసుకున్నావా అని వాకిట్లో నిలబడి అడిగే పిల్ల ఆ వారమంతా ఆ వీధికే రాలేదు. ఆమె వస్తుందో రాదో ఈరమ్మకు తెలియదు. రాకపోతే హైదరాబాదులో ఏ గది ఎక్కడో, ఏ కాగితం ఎవరికియ్యాలో వాళ్లిద్దరికీ తెలియదు. రమ్మని అడగడానికి మాత్రం ఈరమ్మ పోలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది.

మంగళవారం పొద్దున మొదటి బస్సుకు ఇద్దరే బయలుదేరారు. బస్సు దగ్గర పావని నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. ఈరమ్మ చేతిలోంచి ఫైలు తీసుకుంది. వనపర్తిలో దిగినప్పుడూ, హైదరాబాదులో దిగినప్పుడూ, షెడ్డులో పక్కలు పరుచుకున్నప్పుడూ, కావలసిన మాట తప్ప ఒక్కటి ఎక్కువ మాట్లాడలేదు. ఇస్రాయేలు వైపయితే చూడనే లేదు.

బుధవారం డాక్టరమ్మ మళ్లీ అదే ఫిల్ము తగిలించింది. "ఏమన్నా గుర్తొచ్చిందా?" అని పావనిని అడిగింది. ఇన్నాళ్లూ జవాబులన్నీ ఆ పిల్లే చెప్పింది మరి.

"ఆయన్ని అడగండి మేడం," అంది పావని.

మొగుడి నోట్లో ఏ జవాబు ఉంటుందో ఈరమ్మకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ల నుంచి ఉన్న జవాబు. ఇస్రాయేలు చేతిలోని చెప్పులు కింద పెట్టాడు.

"దెబ్బ తాకింది మేడం," అన్నాడు. "నిరుడు ఎండకాలం కాలువ గట్టు అడుగుకు తొలిపిచ్చిన. నేనే తొలిపిచ్చిన, మేస్త్రీని నేనే. పెళ్ల ఇరిగి ఇద్దరి మీద వడ్డది. ఈమెకు పక్కబొక్కలు ఇరిగినయ్, నేనే కట్టు కట్టిన. మల్లొకామె సచ్చిపొయ్యింది. ఈ పిల్ల తల్లి. ఎండదెబ్బ అని నేను అబద్దం చెప్పిన." అతను పావని వైపు తిరిగాడు. అంత పెద్ద మనిషి మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక అరచేతుల్లో దాచుకున్నాడు.

డాక్టరమ్మ చీటీ రాసి, ఈరమ్మను పక్కలకు ఫొటో తీయించడానికి పంపింది. గంటలో ఆ ఫొటో వచ్చింది. డాక్టరమ్మ దాన్ని లైటుకు పెట్టి, ఒక్కొక్క ఎముకా వేలితో లెక్కపెట్టింది. నాలుగూ విరిగి, వంకరగా అతుక్కున్న ఎముకలే. జబ్బు జాడ లేదు.

"వచ్చే సోమవారం ఆపరేషన్," అంది. "ఇవ్వాళే చేర్చుకుంటాం." ఫైలులో రాయడం మొదలుపెట్టింది. ఏడాదిన్నర కిందట మట్టి కూలి పక్కటెముకలు విరిగాయని, రాస్తున్నదే పైకి చదివింది.

"తేదీ గూడ రాయండి మేడం," అంది పావని. "మే ఇరవై ఏడు, రెండువేల ఏడు."

"తేదీ అవసరం లేదమ్మా, ఇది చాలు."

"నాకు అవసరం మేడం. మా అమ్మ ఎట్ల వొయ్యిందో ఏ కాయితంల లేదు. ఊర్ల సావుల బుక్కుల రాసింది గూడ ఎండదెబ్బనే. రాసింది నేనే, నా చేతితోనే. మీరు ఈడ రాయండి. ఒక్కకాడన్న ఉండాలె."

డాక్టరమ్మ పెన్ను ఆపి ఆ పిల్లను చూసింది. "పేరు?"

"జమ్ములమ్మ."

డాక్టరమ్మ రాసింది. తేదీ రాసింది, పేరు రాసింది, అదే ప్రమాదంలో ఆమె అక్కడికక్కడే చనిపోయిందని రాసి సంతకం చేసింది. పావని ఫైలు తన వైపు తిప్పుకొని ఆ రెండు వరుసలనూ చదివింది. మళ్లీ చదివింది. ఈరమ్మకు చదువు రాదు. అయినా ఆ కాగితం మీది నుంచి కళ్లు తిప్పుకోలేకపోయింది. తన రోగం కాగితాల్లో, తన పేరు కింద, జమ్ములమ్మ పేరు ఉందనుకుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు.

బయట వరండాలో ఇస్రాయేలు పావనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఠాణాకు రమ్మంటె వస్త బిడ్డా. గుంపోళ్లకు గూడ చెప్పిన, అడిగితె ఉన్నదున్నట్టు చెప్పుండ్రని."

పావని ఆ వారంలో మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"ముందు పెద్దమ్మ ఆపరేషన్ గానియ్యి," అంది. "ఆమె లేచి తిరిగినంక నన్ను ఆడికి తీస్కపో. మా అమ్మను యాడ వెట్టిండ్రో చూపియ్యి. ఠాణా సంగతి నేను ఆడికెళ్లి వచ్చినంక చెప్త."

అతను తలూపాడు. చేర్చుకునే వార్డు నుంచి నర్సమ్మ ఈరమ్మ పేరు పిలిచింది. ఈరమ్మ అలవాటు కొద్దీ పావని వైపు చెయ్యి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. పావని ఆ చెయ్యి పట్టుకోలేదు. ఫైలు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా తనే తీసుకొని, దారి చూపుతూ వార్డు వైపు ముందు నడిచింది.